తేయాకు పొదకు పూత లేదు, కోసే చేతికి ఇంటి పట్టా లేదు

మిరపకోతల కాలంలో గుంటూరు, పల్నాడు పల్లెలకు వెళ్తే పొలం గట్ల మీద టార్పాలిన్ గుడిసెలు కనపడతాయి. ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి పిల్లాజెల్లాతో వచ్చిన కూలీలవి. తెల్లారకముందే చేలో దిగుతారు. కిలోకింత అని కూలి. పది గంటలకు టీ వస్తుంది. అట్లాంటి ఒక చేలో, గట్టు మీద కూచుని టీ తాగుతూ ఒక పెద్దామె మమ్మల్ని అడిగింది: "ఈ టీపొడి ఏం చెట్టుదన్నా? గింజనా, ఆకునా? యాడ పండుతాది?"

ఆకేనని చెప్పాం. అస్సాంలో, బెంగాల్ ఉత్తరాన, నీలగిరుల్లో, కేరళ కొండల్లో పండుతుందని చెప్పాం. మీలాగే అక్కడా కోసేది ఎక్కువగా ఆడవాళ్ళే, తూకం మీదే లెక్క, నీళ్ళకింత గోతానికింత అని తరుగు తీస్తారు, ఉండటానికి ఇల్లు మాత్రం తోట యజమానే ఇస్తాడు అని కూడా చెప్పాం. ఆమె గ్లాసు కింద పెట్టి, "ఇల్లు ఇస్తాడా? రాసిస్తాడా, ఉండమంటాడా?" అంది.

తేయాకు తోటల మీద బోలెడు పుస్తకాలు వచ్చాయి, నివేదికలు వచ్చాయి. ఆ పెద్దామె అడిగిన మాట దగ్గర ఆగినవి తక్కువ. మేము ఈ వారం ఆ మాట గురించే రాస్తున్నాం.

ముందు చెట్టు సంగతి. తేయాకు నిజానికి పొద కాదు. వదిలేస్తే అస్సాం రకం ముప్ఫై, నలభై అడుగులు లేచే చెట్టు. ఏడాది పొడుగునా ఆకు రాలదు. చలికాలం మొదట్లో తెల్లటి పూలు పూస్తుంది, నడుమ పసుపుపచ్చటి కేసరాలు గుత్తిగా ఉంటాయి. కాని తోటలో పూత కనపడితే యజమానికి నచ్చదు. పూతకు పోయిన బలం చిగురుకు రాదు గదా! అందుకని నడుమెత్తున కత్తిరించి, వారం పది రోజులకోసారి చిగురు గిల్లుతూ, ఆ చెట్టును యాభై అరవై ఏళ్ళు పొదగానే నిలబెడతారు. రెండు లేతాకులు, వాటి నడుమ విచ్చుకోని మొన ఒకటి, అంతే కోయాలి. ముదురాకు పడితే గుమాస్తా ఒప్పుకోడు. నాలుగున్నర కిలోల పచ్చాకు వాడి, నలిగి, పులిసి, ఆరితే ఒక కిలో టీపొడి అవుతుంది.

నడుమెత్తు ఎందుకంటే కోసే మనిషి చేతికి అందడానికి. అంటే మనిషి ఎంత ఎత్తు ఉంటుందో కొలిచి చెట్టును కుదించారన్నమాట. మనిషిని కూడా అట్లాగే కుదించారు. అది ఎట్లా జరిగిందో తెలియకపోతే ఈనాటి కూలి రేటు అర్థం కాదు.

ఈ మొక్కకు పుట్టిల్లు చైనా నైరుతి కొండలు, బర్మా, అస్సాం కలిసే సీమ. చైనావాళ్ళు రెండువేల ఏళ్ళుగా తాగుతున్నారు. ఇంగ్లీషువాళ్ళకు దాని రుచి తగిలాక చైనాకు వెండి పోసి కొనవలసి వచ్చింది. వెండి పోవడం ఇష్టం లేక మన దేశపు రైతుల చేత బలవంతాన గసగసాలు వేయించి, ఆ నల్లమందు చైనాలో అమ్మించారు. చైనా వద్దంటే 1839లో యుద్ధానికి దిగారు. ఆ కథ వేరే చెప్పుకోవాలి. మనకు కావలసిందేమంటే, చైనాను నమ్ముకోకుండా టీ పండించే చోటు కోసం వాళ్ళు వెతుకుతున్న రోజుల్లో, 1823లో రాబర్ట్ బ్రూస్ అనే వ్యాపారి అస్సాం ఎగువ ప్రాంతంలో ఈ చెట్టును చూశాడు. బ్రూస్ కనుక్కున్నాడని బడి పుస్తకాల్లో రాస్తారు. ఆయన వెళ్ళేసరికి అక్కడి సింగ్‌ఫో తెగవాళ్ళు ఆ ఆకు కాచుకు తాగుతూనే ఉన్నారు! అక్కడ ఈ చెట్టు ఉందని ఆయనకు దారి చూపిన మణిరామ్ దివాన్ తరవాత సొంతంగా తోటలు వేసిన మొదటి భారతీయుడయ్యాడు. 1857 తిరుగుబాటులో చేరాడని 1858 ఫిబ్రవరిలో జోర్హాటులో ఆయన్ను ఉరితీశారు.

1838లో అస్సాంలో బంజరు భూముల నిబంధనలు చేశారు. వంద ఎకరాలకు తగ్గకుండా తీసుకోవాలి, ఎకరానికింత అని పెట్టుబడి చూపించాలి అన్నారు. నాగలి, ఎద్దులు తప్ప ఏమీ లేని అస్సామీ రైతు వంద ఎకరాలకు పెట్టుబడి ఎక్కడినుంచి తెస్తాడు? అడవి, మేతబీడు, పోడు అన్నీ 'బంజరు' అయి లండన్ కంపెనీల చేతుల్లోకి పోయాయి. 1854లో ఇంకో నిబంధన వచ్చింది, 99 ఏళ్ళ కౌలు. మన దగ్గర సెజ్‌ల పేరుతో భూములు తీసుకున్నప్పుడు 'నిరుపయోగమైన భూమి' అన్న మాట విన్నాం గదా, ఆ మాటకు వయసు దాదాపు రెండువందల ఏళ్ళు.

భూమి దొరికింది, కూలీలు దొరకలేదు. ఇక్కడ కొంచెం నిదానంగా చదవమని కోరుతున్నాం. తొలి రోజుల్లో తోటల్లో పనిచేసింది స్థానికులైన కచారీలు. వాళ్ళకు సొంత ఊళ్ళున్నాయి, సొంత చేలున్నాయి. కూలి నచ్చకపోతే పని మానేసి ఇంటికి పోయేవాళ్ళు. నాట్ల కాలం వస్తే దొర ఎంత అరిచినా వచ్చేవాళ్ళు కాదు. తోటల యజమానులకు పని చేతకాని కూలీతో పేచీ లేదు. వెనక్కి పోవడానికి ఇల్లున్న కూలీతోనే పేచీ. కాబట్టి ఇల్లు లేని కూలీని, తిరిగి పోవడానికి దారి తెలియని కూలీని దూరం నుంచి పట్టుకురావాలని నిర్ణయించారు.

ఛోటానాగపూర్ ఆదివాసులను, బీహారు, ఒరిస్సా పేదలను, మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్ళను తోలుకుపోయారు. అవును, మన తెలుగువాళ్ళనే. ఉత్తరాంధ్ర పల్లెల్లో కరువు వచ్చినప్పుడు రంగూను పోయినవాళ్ళ కథలు మనకు తెలుసు, అస్సాం పోయినవాళ్ళ కథలు అంతగా తెలియవు. రంగూను పోయినవాడు ఏ నాలుగేళ్ళకో పెట్టె పట్టుకుని తిరిగొచ్చేవాడు. అస్సాం పోయినవాళ్ళలో చాలామంది రాలేదు. వాళ్ళ మనుమలు, మునిమనుమలు ఈనాటికీ అక్కడి తోటల్లో ఉన్నారు. అస్సాంలో తేయాకు తెగల పేర్లలో 'తెలంగా' అనే పేరు ఉందంటే అది వీళ్ళే.

ఊళ్ళల్లో ఆశపెట్టి ఎక్కించేవాణ్ణి ఆర్కాటీ అనేవాళ్ళు. స్టీమర్లలో కుక్కి తీసుకుపోయేవాళ్ళు. దారిలో కలరా. తోటకు చేరాక మలేరియా. 1863 నుంచి 1866 దాకా మూడేళ్ళలో దాదాపు 85 వేల మందిని అస్సాం చేర్చితే, అందులో 30 వేలకు పైగా చచ్చిపోయారు, లేదా పారిపోయి లెక్కకు అందకుండా పోయారు. అడవిలో దారి తెలియక పారిపోయినవాడు ఏమైపోయాడో వేరే చెప్పనక్కర లేదు.

చట్టం ఎవరి పక్కన నిలబడింది? 1859 నాటి 13వ చట్టం ప్రకారం బయానా తీసుకుని పని మానేసిన కూలీ నేరస్తుడు. 1865లో ఇంకో చట్టం వచ్చింది. నెలకు మగవాడికి 5 రూపాయలు, ఆడమనిషికి 4, పిల్లలకు 3 అని కూలి రాశారు. ఆ చట్టంలోనే, పారిపోయిన కూలీని వారంటు లేకుండా పట్టి తెచ్చే అధికారం యజమానికి ఇచ్చారు. ఆ అధికారం 1908 దాకా తీసేయలేదు. పోలీసు, జైలరు, యజమాని ముగ్గురూ ఒక్కడే!

కూలీల ఇళ్ళను లైన్లంటారు. కేరళ కొండల్లో లయాలంటారు. ఒకే పొడుగు పాకను గదులుగా అడ్డగోడలతో కోసి, గదికో కుటుంబాన్ని పెట్టారు. లైను చివర చౌకీదారు. రాత్రి ఎవరు ఉన్నారో లేరో లెక్క. ఆ ఇళ్ళు కూలీల కోసం కట్టిన ఇళ్ళనుకుంటే పొరపాటు. కూలీలను ఉంచడానికి కట్టినవవి. పశువుల కొట్టం పశువు కోసం కడతామా, పాల కోసం కడతామా?

అయినా జనం కదిలారు. 1921 మే నెలలో సుర్మా లోయలోని చర్‌గోలా, లాంగాయి తోటల నుంచి వేలమంది కూలీలు లైన్లు ఖాళీ చేసి, మా ఊళ్ళకు మేము పోతామని రోడ్డెక్కారు. అణాల కూలి మీద బతకలేకపోవడం, గాంధీ రాజ్యం వస్తుందన్న ఆశ, రెండూ కలిసి నడిపించాయి. రైలు టిక్కెట్లు ఇవ్వొద్దన్నారు. నడిచారు. చాంద్‌పూర్ స్టేషన్లో స్టీమర్ల కోసం పడిగాపులు పడివున్న ఆ జనం మీద మే 20 రాత్రి గూర్ఖా సైనికులను తోలి కొట్టించారు. దానికి నిరసనగా రైలు కార్మికులు, స్టీమరు కార్మికులు సమ్మె కట్టారు. ఈనాటికీ బంగ్లాదేశ్ తోటల కూలీలు మే 20ని గుర్తుంచుకుంటారు. మన దేశంలో ఆ తేదీ తోటల బయట ఎవరికీ పట్టదు.

స్వతంత్రం వచ్చాక, పోరాటాల ఒత్తిడి మీద, 1951లో తోటల కార్మికుల చట్టం వచ్చింది. ఇల్లు, ఆసుపత్రి, చంటిపిల్లల కేంద్రం, మంచినీళ్ళు, మరుగుదొడ్డి యజమానే ఇవ్వాలి అన్నది. అది గెలుపే. దాన్ని చిన్నచూపు చూడటానికి వీల్లేదు. ఆ చట్టం రాకపోతే ఆ కొండల్లో ఆసుపత్రి మాటే ఉండేది కాదు. కాని ఇంటి విషయంలో మెలిక అట్లాగే మిగిలిపోయింది. ఇల్లు ఉద్యోగానికి ముడిపడింది. పనిలో ఉన్నంతకాలమే ఇల్లు. పని పోతే, రిటైరైతే, ఇంట్లో ఇంకొకరు తోట పనికి పోకపోతే ఖాళీ చేయాలి. డార్జిలింగు కొండల్లో పూర్వం 'హట్టాబాహర్' అనేవాళ్ళు, దొరకు కోపం వస్తే కుటుంబాన్ని మొత్తం తోట పొలిమేర దాటించేవాడు. 1955 జూన్ 25న మార్గరెట్స్ హోప్ తోటలో కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపి ఆరుగురిని చంపింది ఇట్లాంటి పద్ధతులు ఎత్తేయమని, కూలి పెంచమని అడిగినందుకే.

అందుకే తోట కూలీ కొడుకు డిగ్రీ చదివినా ఇంట్లో ఒకరు బుట్ట తగిలించుకోక తప్పదు. తల్లికి ఒంట్లో బాగాలేకపోతే కోడలు. కోడలికి నెలలు నిండితే ఆడపడుచు. ఇంటి కోసం పని, పని కోసం ఇల్లు. మన పల్లెల్లో పాలేరు గురించి పాతతరం వాళ్ళు చెప్పిన మాటలు గుర్తుచేసుకుంటే ఇది ఏమిటో అర్థమవుతుంది.

ఇక కూలి లెక్కకు వద్దాం. 2023 అక్టోబరులో అస్సాం బ్రహ్మపుత్ర లోయలో తోట కూలీ రోజు కూలి 250 రూపాయలు చేశారు. బరాక్ లోయలో 228. అంతకుముందు ఏడాది బ్రహ్మపుత్ర లోయలో 232. 2021 ఎన్నికల్లో కాంగ్రెసు 365 ఇస్తానంది. 350 పైన అన్న మాట వేరే వేదికల మీదా వినపడింది. ఓట్లు అయిపోయాయి.

బుట్ట నిండితే కూలీ 24 కిలోల దాకా కోస్తుందనుకుందాం. ఆకు నిండుగా ఉన్న కాలంలో ఇంతకన్నా ఎక్కువ కోసేవాళ్ళున్నారు. 24 కిలోలకు 5 కిలోల పైచిలుకు పొడి. 2024లో దేశంలో వేలం సగటు ధర కిలోకు 200 రూపాయల దరిదాపుల్లో ఉంది. అంటే ఒక మనిషి రోజు కోత వేలంలో వెయ్యి రూపాయలు. వేలం దాటాక బ్రాండ్ల కంపెనీలు డబ్బాల్లో, పొట్లాల్లో పోసి అమ్మే ధర మీరే కిరాణా కొట్లో చూస్తున్నారు. గ్లాసుకు రెండున్నర గ్రాముల పొడి లెక్కన 5 కిలోలకు రెండువేల గ్లాసుల టీ. మన బస్టాండులో గ్లాసు పది రూపాయలు. పాలు, చక్కెర, గ్యాసు, కొట్టు అద్దె, టీ కాచేవాడి కష్టం ఇవన్నీ తీసేయండి, తీసేయాలి కూడా. అయినా రెండువేల గ్లాసులకు ఆకు కోసిన మనిషి, ఆ రోజు కూలితో తాగగలిగింది పాతిక గ్లాసులు.

దీనికి యజమానులు చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే: నగదు తక్కువే, కాని ఇల్లు ఇస్తున్నాం, రేషన్ ఇస్తున్నాం, మందులు ఇస్తున్నాం, అవి కలిపితే కూలి చాలా అవుతుంది అని. ఈ వాదన వినడానికి బాగుంటుంది, చట్టం మాత్రం ఒప్పుకోదు. 1948 కనీస వేతనాల చట్టమే కూలి అంటే ఏమిటో చెప్పేచోట ఇంటి విలువను, వైద్యం విలువను అందులో కలపొద్దని రాసింది. 2019 వేతనాల కోడ్ కూడా కూలి నిర్వచనంలోంచి ఇంటి విలువను బయటే పెట్టింది, దానికి తన కొర్రీలు తనకున్నా. అసలు సంగతి చట్టం దాకా పోనక్కర లేదు. ఇంటి అద్దె కూలీలోంచి కోసుకుంటున్నామని యజమానే ఒప్పుకుంటున్నప్పుడు, నాలుగు తరాలు కోసుకున్నాక ఆ ఇల్లు ఎవరిది? మన ఊళ్ళో వాయిదాల మీద ఇల్లు కొన్నవాడికి ఇరవై ఏళ్ళలో రిజిస్ట్రేషన్ అవుతుంది. తోట కూలీ నూరేళ్ళు కట్టినా వాయిదాలు తీరవు!

ఇళ్ళు ఎట్లా ఉన్నాయో చెప్పడానికి 2020 ఆగస్టు 6 చాలు. కేరళలో మున్నారు దగ్గర పెట్టిముడిలో రాత్రి పూట కొండ విరిగి లయాల మీద పడింది. 70 మంది చచ్చిపోయారు. ఎక్కువమంది తోట కూలీలు, వాళ్ళ కుటుంబాలవాళ్ళు. తాతల కాలంలో తమిళనాడు నుంచి వచ్చిన కుటుంబాలు. ఆ వాలు కింద లయం కట్టాలని నిర్ణయించింది వాళ్ళు కాదు. అక్కణ్ణుంచి లేచిపోయి ఇంకోచోట కట్టుకుందామంటే సెంటు భూమి లేదు. కేరళ భూసంస్కరణల చట్టం గొప్పది, మనమంతా దాన్ని చూసి నేర్చుకున్నాం. కాని తోటల భూములను ఆ చట్టం పరిమితి నుంచి మినహాయించింది. దున్నేవాడికి భూమి అన్న నినాదం తోట గేటు దగ్గర ఆగిపోయింది. ఈ మాట మనవాళ్ళే చెప్పుకోవాలి, వేరేవాళ్ళు చెప్పే దాకా ఆగకూడదు.

చెప్పుకోవలసింది ఇంకొకటి ఉంది. 2015 సెప్టెంబరులో అదే మున్నారులో ఆడకూలీలు వేలల్లో రోడ్డెక్కారు. బోనసు 20 శాతం నుంచి 10కి కోశారని మొదలైంది. రోజు కూలి 232, 500 కావాలన్నారు. 'పెంబిళై ఒరుమై' అని పేరు పెట్టుకున్నారు, స్త్రీల ఐక్యత అని అర్థం. వాళ్ళు యూనియన్ నాయకులను దగ్గరికి రానివ్వలేదు. కాంగ్రెసు యూనియన్నే కాదు, ఎర్రజెండా యూనియన్లను కూడా. నాయకులకు కంపెనీ ఇళ్ళిచ్చింది, వాళ్ళ పిల్లలకు సౌకర్యాలిచ్చింది, మాకు లయాలిచ్చింది అని వేలెత్తి చూపారు. తొమ్మిది రోజుల్లో బోనసు 20 శాతానికి తెచ్చుకున్నారు, ఆ తరవాత కూలి 301 అయింది. అప్పట్లో కొందరు దాన్ని యూనియన్లను చీల్చే కుట్ర అన్నారు. మేము అట్లా అనుకోం. దశాబ్దాలపాటు తొంభైమంది ఆడవాళ్ళు పనిచేసే చోట పదిమంది మగవాళ్ళు నాయకత్వం చేశారు. పైగా యజమాని ఇచ్చిన ఇంట్లో ఉండి యజమానితో బేరం చేశారు. ఇల్లు కూలీని కట్టేసినట్టే నాయకుణ్ణీ కట్టేసింది. ఆడకూలీలు దాన్ని చూశారు, మనవాళ్ళు చూడలేదు.

తమిళనాడులో తిరునెల్వేలి జిల్లా మాంజోలై కొండల కథ ఇంకా కళ్ళు తెరిపిస్తుంది. ఒక జమీను దగ్గర 1929లో బొంబాయి కంపెనీ ఒకటి 8 వేల ఎకరాలకు పైగా 99 ఏళ్ళ కౌలుకు తీసుకుని తేయాకు వేసింది. 1999 జూలై 23న కూలి పెంచమని, అరెస్టు చేసిన తోటి కూలీలను విడిచిపెట్టమని తిరునెల్వేలి కలెక్టరు ఆఫీసుకు ఊరేగింపుగా వచ్చిన ఆ కూలీల మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడితే, తామ్రపర్ణి నదిలో పడి 17 మంది చచ్చిపోయారు. చంకలో బిడ్డ కూడా పోయాడు. ఆ కూలీల పిల్లలే ఆ తరవాతా ఆకు కోశారు. 2024లో కౌలు గడువు దగ్గర పడుతున్నదని కంపెనీ స్వచ్ఛంద విరమణ కాగితాలు పంచి, ఇళ్ళు ఖాళీ చేయమంది. నాలుగు తరాలు ఆ కొండల్లోనే పుట్టారు. ఆ భూమి అడవి శాఖది, పులుల అభయారణ్యం. అడవిని కాపాడాలన్న మాటతో మాకు తగాదా లేదు. కంపెనీకి కౌలు గడువు ఉంది, పులికి చట్టం ఉంది, 95 ఏళ్ళు అక్కడ బతికిన కూలీకి మాత్రం పెట్టె సర్దుకోమన్న కాగితం ఉంది. తగాదా అక్కడ.

సింహళంలో అంతకన్నా ఘోరం చేశారు. తేయాకు తోటల తమిళ కూలీలకు 1948లో పౌరసత్వమే లేకుండా చేశారు. 1964లో శాస్త్రి, సిరిమావో ఒప్పందం చేసుకుని 5 లక్షల 25 వేల మందిని మన దేశం పుచ్చుకునేటట్టు, 3 లక్షల మందిని వాళ్ళు ఉంచుకునేటట్టు పంచుకున్నారు. పశువుల సంతలో పంచుకున్నట్టు. తిరిగొచ్చిన వాళ్ళలో కొందరికి నీలగిరుల్లో తమిళనాడు ప్రభుత్వ తోటల్లో పనిచ్చారు. మళ్ళీ ఆకు కోతే, మళ్ళీ లైను ఇల్లే.

చిన్న రైతుల మాట కూడా ఒకటి చెప్పి ముందుకు పోతాం. ఈనాడు దేశంలో పండే తేయాకులో సగానికి పైగా చిన్న రైతుల చేలల్లోదే. పచ్చాకు ధర కార్ఖానా చెప్పిందే ధర. మన పత్తి రైతుకు, మిరప రైతుకు ఉన్న బాధే. వాళ్ళ దగ్గర కోసే కూలీలకు 1951 చట్టం వర్తించనే లేదు, 5 హెక్టార్లు, 15 మంది ఉంటేనే చట్టం. పెద్ద తోటలు ఈ తేడాను వాడుకుంటున్నాయి. చట్టం భారం మాకే ఎందుకని గొణుగుతూ, అదే ఆకును కొని తమ పొడిలో కలుపుకుంటున్నాయి. చిన్న రైతు మీద కూలీని ఉసికొల్పడం మన పని కాదు, పచ్చాకు ధర పెరగకుండా అక్కడ కూలి పెరగదు.

ఇక ఈమధ్య జరిగినవి. 1951 చట్టాన్ని 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్‌లో కలిపేశారు. 2025 నవంబరు 21 నుంచి కోడ్‌లు అమలుకు తెచ్చారు. తోట కూలీల పేరుతో ప్రత్యేకంగా ఉన్న ఒక్క చట్టమూ పోయింది. పాతదాని హక్కులు కొత్తదానిలో ఎంత మిగులుతాయో నిబంధనలు రాసే రాష్ట్రాల చేతిలో ఉంది.

బెంగాల్‌లో 2023లో తోట కూలీలకు 5 సెంట్ల పట్టాలన్నారు. డార్జిలింగు, డువార్సు కూలీలు చాలాచోట్ల వద్దన్నారు. ఎందుకో వింటే మనవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. తాతల నాటి నుంచి ఇంటి చుట్టూ పెరడు, ఆవు, నాలుగు కూరపాదులు పెట్టుకుని వాళ్ళు ఇంకా ఎక్కువ చోటులోనే ఉంటున్నారు. 5 సెంట్లకు పట్టా తీసుకుంటే మిగతాది వదులుకున్నట్టే. అదే ప్రభుత్వం తోట భూమిలో 15 శాతం దాకా హోటళ్ళకు, పర్యాటకానికి వాడుకోవచ్చని 2019లో యజమానులకు అనుమతిచ్చింది, 2025లో 30 శాతం అంది. కూలీకి సెంట్లలో కొలత, యజమానికి శాతాల్లో కొలత!

2025 నవంబరులో అస్సాం శాసనసభ భూపరిమితి చట్టాన్ని సవరించింది. లేబరు లైన్ల స్థలాన్ని తోట భూమి నుంచి విడదీసి కూలీలకు పట్టాలివ్వడానికి దారి తీసింది. మూడు లక్షల పైచిలుకు కుటుంబాలకని ప్రభుత్వం లెక్క చెప్పింది. యజమానుల సంఘాలు గగ్గోలు పెట్టాయి. ఎన్నికల ముందు తెచ్చారని ప్రతిపక్షం అంది. ఎన్నికల ముందే తెచ్చారు, నిజం. అయినా మేము దీన్ని కొట్టిపారేయం. 1838 నుంచి మొదటిసారి ఆ భూమి కాగితం మీద కూలీ పేరు రాయవచ్చని ఒక చట్టం అన్నది. మన ఇళ్ళ స్థలాల పోరాటాల్లో ఏ ప్రభుత్వం ఏ ఉద్దేశంతో ఇచ్చిందని చూడలేదు, పట్టా చేతికి వచ్చిందా, స్థలం కళ్ళకు కనపడిందా అని చూశాం.

కాబట్టి చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఇల్లు కూలీదయ్యాక నగదు కూలి పెరగాలి, ఎందుకంటే ఇల్లిస్తున్నామన్న సాకు ఇక లేదు. దాన్ని అడగకపోతే యజమాని రెండువైపులా లాభపడతాడు. ఇల్లు మీది కదా అని మరమ్మతు మానేస్తాడు, నీళ్ళు, కరెంటు, ఆసుపత్రి కూడా మెల్లగా వదిలించుకుంటాడు. మన రైతుకూలీ సంఘాలు ఈసారి మహాసభల్లో తోటల కూలీల మీద తీర్మానం చేసేటప్పుడు ఈ రెంటినీ ఒక్క వాక్యంలోనే రాయాలని మా సూచన. పట్టా వేరుగా, కూలి వేరుగా రాస్తే ఒకటి ఇచ్చి ఇంకోటి కోస్తారు.

పట్టా ఎవరి పేరు మీద? ఆకు కోసింది ఆమె, బుట్ట తాడు నుదుటి మీద మోసింది ఆమె. మన దగ్గర ఆడవాళ్ళ పేరు మీద స్థలాలు రాయించుకున్న అనుభవం ఉంది. ఆ అనుభవం అక్కడికి చేరాలి. ఉత్తరాంధ్ర నుంచి పోయిన వాళ్ళ వంశాలు అక్కడున్నాయి కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం సంఘాల వాళ్ళు ఒక బృందంగా వెళ్ళిరావడం కష్టమేమీ కాదు.

అన్నిటికన్నా ముందు తేలవలసింది ఒకటి ఉంది. అస్సాం తోటల్లో పర్మినెంటు కాని కూలీని 'ఫాల్తూ' అంటారు. తిట్టు కాదు, హాజరు పుస్తకాల కాలం నుంచీ వస్తున్న పేరు. ఆకు ఎక్కువొచ్చే ఆరునెలలు పిలుస్తారు, కత్తిరింపులప్పుడు మానిపిస్తారు. ఒక్కో లైనులో పర్మినెంటు మనిషి ఒకరుంటే, ఆ ఇంటి చుట్టూ ఫాల్తూ పనిచేసే తమ్ముళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు ముగ్గురు నలుగురు ఉంటారు. పట్టా దరఖాస్తులో వాళ్ళ పేర్లకు గడి ఉందా లేదా, రిటైరైన తల్లి ఉన్న గది ఎవరికి రాస్తారు, మూతపడిన తోటల్లో మిగిలిపోయిన వాళ్ళను కూలీలుగా లెక్కిస్తారా? పల్నాటి చేలో ఆ పెద్దామెకు మేము ఆ రోజు, "ఉండమంటాడు, రాసివ్వడు" అని జవాబు చెప్పాం. ఇంకోసారి కోతలకు వస్తే ఈ కొత్త సంగతులు కూడా చెప్తాం. ఎంతమందికి రాశారన్నా అని ఆమె తప్పకుండా అడుగుతుంది.